జీలుగువలస రసికులు, సగం కల్యాణి

“మాస్టారూ, మీరు సన్నాయి ఎత్తి పాట మొదలెట్టాక, ముగించి దించేదాకా మాలో ఒక్కడు కుర్చీలోంచి లేస్తే ఒట్టు.”

ఈ మాట ఇచ్చింది మా జీలుగువలస సంగీత రసికుల సంఘం. ఊరందరి ముందూ, మైకులో ఇచ్చింది. ఆ మాట ఏమైందో చెప్పే ముందు ఆ సంఘం ఎంత తెలివైనదో చెప్పాలి. చెప్పకపోతే వాళ్ళకి కోపం వస్తుంది.

జీలుగువలస వాళ్ళకి తమ తెలివి మీద చాలా నమ్మకం. పక్క ఊరి వాళ్ళు “మీ అంత తెలివైనవాళ్ళు జిల్లాలో లేరండీ” అని పొట్ట పట్టుకుని నవ్వుతారు. మనల్ని పొగిడేటప్పుడు వాళ్ళకి ఎంత సంతోషమో చూడండి అని మావాళ్ళు మురిసిపోతారు. వీళ్ళందరిలోకీ తెలివైనవాడు తవిటినాయుడు. ఊళ్ళో మొదటి రేడియో కొన్నది వాళ్ళ తాత. కాబట్టి సంగీతం ఆ ఇంటి ఆస్తి. కాబట్టి సంఘానికి ఆయనే అధ్యక్షుడు. కార్యదర్శి ఆయన బావమరిది కూర్మారావు. కూర్మారావు అర్హత ఏమిటంటే, బావ ఏం చెప్పినా అర్థమైనట్టు తలూపుతాడు.

అసలు సంఘం ఎలా పుట్టిందంటే, పంచాయతీ గోడ మీద ఎవరో ఎర్ర రంగుతో ‘పాట ప్రజల సొత్తు’ అని రాసి పోయారు. ఇంకో ఊళ్ళో అయితే చదివి ఆలోచించేవాళ్ళు. మావాళ్ళు చదివి, “సొత్తయితే ఎవరి వాటా ఎంత?” అని అడిగారు. అంతే, సంఘం పెట్టారు. ప్రతి ఆదివారం పంచాయతీ అరుగు మీద చేరి ఇష్టమైన పాటలు ఒకరితో ఒకరు పంచుకోవాలని తీర్మానించారు.

మొదటి ఆదివారం తవిటినాయుడు లేచి, “మబ్బుని పిలిచే పాటొకటి నాకు చిన్నప్పట్నుంచీ ప్రాణం. దాన్ని ఇయ్యాల మా కూర్మారావుకి ఇచ్చేస్తన్నాను” అని గొంతెత్తి పాడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. కూర్మారావు కండువా పరిచి పాట అందుకుని, మడిచి భుజాన వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున్న తవిటినాయుడు గేదె పాలు పితుకుతూ అలవాటు కొద్దీ ఆ పాట ఎత్తుకున్నాడు. పేడతట్టతో వెళ్తున్న ఆయన భార్య పైడమ్మ ఆగింది.

“ఏటది?”

“పాట.”

“ఎవులిది?”

“నాదే.”

“నిన్న మా తమ్ముడికి ఇచ్చీసినావు గదా. ఊరంతా సప్పట్లు కూడా కొట్టీసినారు. ఇచ్చీసిన సొత్తు మళ్ళీ వాడుకుంటే నలుగురూ ఏటంటారు?”

నిజమే కదా అనుకుని తవిటినాయుడు నోరు మూసుకున్నాడు. ఇంకేముంది, పాట వింటే గానీ పాలు చేపని గేదె చెంబు తన్నేసింది. ఆ పూటా పాలు లేవు, మర్నాడూ లేవు. నాయుడు బావమరిది గుమ్మం ముందు నిలబడ్డాడు.

“ఒరే, ఆ పాట ఒక్క పూట ఎరువిస్తావేటి? గేదె పాలిస్తన్నేదు.”

“ఇస్తాను గానీ బావా, పాటతో పాటు నానూ వొస్తాను. దానికి నీ దగ్గిర చనువెక్కువ. మళ్ళీ తిరిగి రాదేమో.”

అంతే, రోజూ పొద్దున్నే కూర్మారావు వచ్చి గేదె పక్కన నిలబడి పాడేవాడు. నాయుడు పితికేవాడు. కొన్నాళ్ళకి కూర్మారావుకి తెలివొచ్చింది. పాట నాదైతే పాలెవరివి అన్నాడు. నాయుడు గేదె నాదన్నాడు. జుట్టూ జుట్టూ పట్టుకున్నారు. సంఘం కూర్చుని, బాగా ఆలోచించి తీర్పు చెప్పింది: ఇష్టమైన పాట ఇచ్చుకుంటే ఇలాంటి నష్టాలే వస్తాయి, కాబట్టి ఇక మీదట ఎవరికి ఏ పాట ఇష్టం లేదో ఆ పాటే పంచుకోవాలి. పోయినా బాధ ఉండదు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం రసికులంతా చేరి, ఒకరికొకరు అసహ్యమైన పాటలు వినిపించుకుని, “ఆహా, అద్భుతం” అనుకుంటూ ఇళ్ళకి పోయేవారు. ఇలాంటి సంఘాలు పట్నాల్లో కూడా ఉన్నాయని విన్నాను.

కొన్నాళ్ళకి చెవులు నొప్పెట్టాయి. సంగీతం వినడం కన్నా సంగీతకారుల పుట్టినరోజులు చేయడం సుఖం అని తవిటినాయుడు కనిపెట్టాడు. వినక్కర్లేదు, కేకు ఉంటుంది. ఎప్పుడో తాతలకు తాతల కాలంలో పుట్టిన ఒక మహా వాగ్గేయకారుణ్ణి ఎంచుకున్నారు. తాటాకు పందిరి వేశారు. ఆయన వయసెంతో లెక్కకట్టి అన్ని కొవ్వొత్తులూ కేకు మీద గుచ్చారు. కేకు కనపడలేదు. వెలిగించారు. చుట్టూ నిలబడ్డారు.

“ఊదండి మరి,” అంది పైడమ్మ.

“మనమెలా ఊదుతాం? పుట్టినరోజు ఆయనది. ఆయనే ఊదాల,” అన్నాడు నాయుడు.

“ఆయనేడీ?”

నాయుడు కూర్మారావు వంక చూశాడు. “పిలిచినావా?”

“ఎక్కడుంటాడో నువ్వు సెప్పినావా?”

సరే, పెద్దమనిషి కదా, ఆలస్యంగానే వస్తాడు అని ఎదురుచూశారు. మైనం కారి కేకులో కలిసింది. రంగు కాగితాలంటుకున్నాయి. ఆపైన తాటాకులంటుకున్నాయి. కూర్మారావు బకెట్టు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. నాయుడు చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఆగు. పుట్టినరోజు దీపం నీళ్ళు పోసి ఆర్పితే అరిష్టం. ఊదే ఆర్పాల.”

“అయితే ఊదీమంటావా?”

“నీ పుట్టినరోజేటి ఇయ్యాల?”

కాదు మరి. అంతే, అందరూ చేతులు కట్టుకుని నిలబడి పందిరి మొత్తం కాలిపోయేదాకా భక్తిగా చూశారు. తర్వాత బూడిద దులిపి, కేకు కోసి, మైనంతో సహా ప్రసాదం తిన్నారు. కొంచెం గట్టిగా ఉంది గానీ మహానుభావుడి కేకు అలాగే ఉంటుందన్నారు.

మళ్ళీ సంఘం కూర్చుంది. ఈసారి ఎంచుకునే మనిషి బతికుండాలి, పిలిస్తే వచ్చేంత దూరంలో ఉండాలి, బాగా ఊదగలగాలి. ఎవరున్నారు? అందరూ బుర్రలు గోక్కున్నారు. పంచాయతీ తలుపు చాటునుంచి పైడమ్మ అంది:

“ఊదడం మీదే బతికినోడు ఊళ్ళోనే ఉన్నాడు గదా. సన్నాయి అప్పలస్వామి.”

అప్పలస్వామి పేరు వినగానే అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆ అరుగు మీద కూర్చున్న ప్రతివాడి పెళ్ళికీ ఆయనే సన్నాయి ఊదాడు. వాళ్ళ పిల్లల పెళ్ళిళ్ళకీ ఆయనే. పెళ్ళి భోజనాల్లో చివరి పంక్తిలో, పెరట్లో, ఆకు వేసి పెట్టింది కూడా ఆయనకే. ఆయన్ని సంగీతకారుడనాలని ఎవరికీ తోచలేదు.

“ఆయన ఇద్వాంసుడేటి? మన పెళ్ళిళ్ళకి ఊదీవోడు గదా,” అన్నాడు నాయుడు.

“ఆయనకి పుట్టినరోజుంటాదేటి బావా?”

“పుట్టకుండా ఎలాగున్నాడు?”

ఈ వాదానికి ఎదురులేదు. అంతే, సంఘమంతా కదిలి ఊరి చివర అప్పలస్వామి పెంకుటింటికి వెళ్ళింది. ఆయన గుమ్మంలో కూర్చుని సన్నాయికి బిగించే పీక నీళ్ళలో నానబెట్టుకుంటున్నాడు. డెబ్బై నిండబోతున్న మనిషి.

“మాస్టారూ,” అన్నాడు నాయుడు.

ఎవర్ని పిలుస్తున్నారా అని అప్పలస్వామి వెనక్కి తిరిగి చూశాడు. వెనక గోడ తప్ప ఏమీ లేదు.

విషయం చెప్పారు. శాలువా కప్పుతాం, దండ వేస్తాం, కేకు పెడతాం అన్నారు. ఆయన పీక తుడిచి పక్కన పెట్టాడు.

“శాలువా ఎందుకు బాబూ, ఉక్కపోత. నాకొక్కటే కోరిక. జీవితమంతా ఊదినాను. ఒక్క రాగం సివరిదాకా ఊదనిచ్చినోడు ఒక్కడూ నేడు. మంచి పట్టులో ఉంటాను, పంతులుగారు ఏలు ఆడించి గట్టిమేళమంటారు. అంతే, రాగం వొదిలీసి గోల సెయ్యాల. ఆపైన అక్షింతలు, ఆపైన బోజనాలు. మాయయ్య నాకో కల్యాణి నేర్పినాడు. దాని సివరెలాగుంటాదో నా పెళ్ళాం కూడా ఇనకుండానే పోయింది.”

చూపుడువేలితో ముందు పళ్ళు రెండూ కదిపి చూపించాడు. పొలం గట్టు మీద పాత గుంజల్లా కదిలాయి.

“ఇయి దసరా దాటవు. పళ్ళు పోతే పట్టు పోద్ది. పట్టు పోతే ఇది వొట్టి కర్ర. ఈలోగా ఒక్కపాలి మీరంతా కూకుని ఇనండి. సివరిదాకా. ఇంకేటొద్దు.”

ఆయన అడిగింది అంతే. మనిషి చేసిన పనిని మనిషి కూర్చుని వినడం. ఏ రాజ్యాంగమూ అక్కర్లేదు దానికి, ఏ బడ్జెట్టూ అక్కర్లేదు. ఆ తర్వాతి ఆదివారమే నాయుడు మైకు పట్టుకుని ఈ కథ మొదట్లో ఉన్న మాట ఇచ్చాడు. జనం ఈలలు వేశారు.

ఇంటికొచ్చాక కూర్మారావుకి బెంగ పట్టుకుంది.

“బావా, లేవమని ఒట్టేసినాం. మధ్యలో ఎవుడికో చీమ కుడుతుంది. ఎవుడికో ఒంటేలుకొస్తుంది. లేస్తాడు. మాట పోద్ది.”

నాయుడు ఆలోచించాడు. తెలివి పొంగింది. “కట్టీస్తే?”

ఇంకేముంది. పుట్టినరోజు సాయంత్రం బడి ఆవరణలో కుర్చీలు వేసి, వచ్చినవాణ్ణి వచ్చినట్టు కొబ్బరితాడుతో కుర్చీకి కట్టేశారు. కూర్మారావు ఊరందర్నీ కట్టాడు. కూర్మారావుని నాయుడు కట్టాడు. నాయుడు తనకు తానే చుట్టుకుని, చివరి ముడి పళ్ళతో బిగించుకున్నాడు. ఊరంతా గర్వంగా కూర్చుంది. అప్పుడు గుర్తొచ్చింది, మాస్టార్ని తీసుకురావడానికి ఎవరూ మిగల్లేదని.

అప్పలస్వామి తనే నడిచొచ్చాడు. చంకలో గుడ్డసంచి, అందులో సన్నాయి. గట్టిమేళం భయంతో పక్క డోలు కూడా వద్దన్నాడు. ఆవరణలో అడుగు పెట్టి, తాళ్ళతో బిగించిన ఊరిని చూసి గతుక్కుమన్నాడు.

“ఏటి బాబూ, దొంగలు పడ్డారేటి?”

“నేదు మాస్టారూ. సంగీతం ఇంటన్నాం.”

ఆయన మెట్టెక్కి సంచి విప్పబోయాడు.

“ఆగండి మాస్టారూ,” అన్నాడు నాయుడు. “ముందు పుట్టినరోజు అవ్వాల. కొవ్వొత్తులు ఎలిగించండి.”

ఆయనే వెలిగించుకున్నాడు. ఆయనే ఊదుకున్నాడు. ఆయనే కోసుకున్నాడు. శాలువా ఆయనే కప్పుకున్నాడు. దండ ఆయనే వేసుకున్నాడు.

“ఇప్పుడు మేం మీకు కేకు పెట్టాల. ఒకరు పెట్టి ఒకరు పెట్టకపోతే సమానత్వం ఎక్కడుంటాది? అందరం పెడతాం. కొంచెం ఇలా రండి.”

అంతే, డెబ్బై ఏళ్ళ మనిషి ఒక్కో కుర్చీ దగ్గరికీ వెళ్ళి, కట్టేసిన చేతిలో ముక్క పెట్టి, వంగి, ఆ చేతిలోంచి తను తినాలి. చేతులు వెనక్కి కట్టిన వాళ్ళకైతే కుర్చీ వెనక మోకాళ్ళ మీద కూర్చోవాలి. వరస తర్వాత వరస. “మా పిన్నిది తినలేదు మాస్టారూ, ఏటి మేం కానివాళ్ళమా?” అని వెనకనుంచి కేకలు. కళాకారుణ్ణి వంచడానికి కొరడా అక్కర్లేదు, కేకు ముక్క చాలు. కదిలే పళ్ళకి క్రీము పట్టుకుంది. ఆయన పంపు దగ్గర నోరు పుక్కిలించుకుని, మెట్టెక్కి, చాప మీద కూర్చున్నాడు. పెళ్ళి పందిట్లో ఎప్పుడూ మూల నిలబడ్డ మనిషి వేదిక మధ్యలో కూర్చోవడం అదే మొదటిసారి. పీక నోట్లో తడిపాడు. కళ్ళు మూసుకున్నాడు. ఎత్తాడు.

నిజం చెప్తాను. అది మొదలయ్యాక ఆవరణలో కొబ్బరితాళ్ళ కిర్రుమనే చప్పుడు కూడా ఆగిపోయింది. కింద స్వరాల్లో మెల్లగా నడిచాడు, చీకట్లో తెలిసిన ఇల్లు తడుముకుంటున్నట్టు. ఒక్కో గది తలుపూ తీసుకుంటూ పైకి ఎక్కాడు. తన పెళ్ళిలో ఈ మెట్టు దాకా విన్నానని పైడమ్మకి గుర్తొచ్చింది. ఇక్కడే అప్పుడు గట్టిమేళమన్నారు. ఇప్పుడు ఆ మెట్టు దాటింది. ఆమె మెడ ముందుకు చాచి, నోరు తెరుచుకుని వింటోంది. సన్నాయి అన్నిటికన్నా పైనున్న స్వరం పట్టుకుంది, వదల్లేదు, వదల్లేదు. ఇక దిగాలి. దిగే ముందు ఆయన సన్నాయిని పెదాల నుంచి బెత్తెడు కిందికి దించి, ఊపిరి తీసుకున్నాడు.

అంతే.

“అయిపోయింది,” అన్నాడు నాయుడు.

“అయిపోయిందేటి బావా?”

“ముగించి దించేదాకా అన్నాం. దించినాడు. నాను కళ్ళారా చూసినాను.”

ఇంకేముంది, ఊరంతా ఒక్కసారి లేచింది. తాళ్ళు విప్పేవాడెవడు? కుర్చీలతోనే లేచారు. వీపు మీద కుర్చీలు, వంగిన నడుములు, ఒకడి కుర్చీ కాళ్ళు ఇంకొకడి కడుపులో. బడి వెనక వండి పెట్టిన పులిహోర వాసన వచ్చే వైపు అందరూ తాబేళ్ళలా దౌడు తీశారు. అప్పలస్వామి ఊపిరి నిండా తీసుకుని కళ్ళు తెరిచేసరికి, కుర్చీలు నడిచి వెళ్ళిపోతున్నాయి.

పైడమ్మ ఒక్కతే మిగిలింది. ఆమె లేవలేదు.

“మాస్టారూ, ఇంకా ఉంది గదా?”

“సగం ఉందమ్మా.”

“ఊదండి, ఇంటాను.”

ఆయన మళ్ళీ ఎత్తబోయాడు. ఈలోగా కూర్మారావు, వీపు మీద కుర్చీతో, వెనక్కి ఉరికొచ్చాడు. “అక్కా, ఇక్కడే ఉండిపోయినావేటి? పులిహోర అయిపోతాది.” అక్కని కుర్చీతో సహా ఈడ్చుకుపోయాడు. ఆమె “ఆగరా, ఆగరా” అంటూనే ఉంది. ఆవరణ మట్టిలో నాలుగు కాళ్ళ గీతలు పడ్డాయి.

మర్నాడు పైడమ్మ వంట చేయలేదు. మాట తప్పినావు అంది మొగుణ్ణి. అలాంటి నింద పడితే సంఘం ఊరుకుంటుందా? అత్యవసర సమావేశం పెట్టింది.

“మధ్యలో ఊపిరి తీసుకోడానికి దించినాడంట,” అన్నాడు కూర్మారావు.

“మధ్యలో ఊపిరెందుకు?”

“బతకడానికంట.”

“సూసినావా? పాట మీద శ్రద్ధ నేదన్నమాట. మన శ్రద్ధ సూడు, కదల్లేదు.”

తప్పు సంఘానిది కాదని తేలింది. అయినా పెద్దమనసుతో ఆయనకి ఇంకా పెద్ద గౌరవం చేద్దామనుకున్నారు. అన్నిటికన్నా పెద్ద గౌరవం ఏది? వర్ధంతి. బతికున్న వాళ్ళకి కేకే ఇస్తారు, పోయినవాళ్ళకైతే విగ్రహాలు, వీధుల పేర్లు, మంత్రి ఉపన్యాసం. ఈ సంగతి మావాళ్ళు కనిపెట్టింది కాదు, దేశాన్ని చూసి నేర్చుకున్నది. అంతే, నిలువెత్తు ఫ్లెక్సీ వేయించారు. ‘సన్నాయి చక్రవర్తి అప్పలస్వామి గారి వర్ధంతి సభ’. తేదీ దగ్గర ఖాళీ. ఆ ఖాళీ పూరించడానికి ఫ్లెక్సీ మోసుకుని ఆయన ఇంటికే వెళ్ళారు.

“మాస్టారూ, ఎప్పుడు పెట్టుకుంటే మీకు వీలు?” అని అడిగాడు నాయుడు, చాలా మర్యాదగా.

అప్పలస్వామి ఫ్లెక్సీని పైనుంచి కిందికి చదివాడు. తన ఫొటోకి వేసిన దండ చూశాడు. కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది. ఆయన బదులు నాకు వస్తోంది.

“బాగుంది బాబూ. ఆ మిగతా సగం కల్యాణి మీ ముందు ఊదీసినాక తేదీ సెప్తాను. అదొక్కటీ ఊదీస్తే ఇంక ఎప్పుడెల్లిపోయినా నాకు బెంగ నేదు.”

సంఘం బయటికొచ్చింది. నాలుగడుగులు వేశాక తవిటినాయుడు వీధి మధ్యలో ఆగిపోయాడు. మొహం పాలిపోయింది.

“ఇన్నావా కూర్మారావూ? ఆ సగం ఊదీస్తే ఎల్లిపోతాడంట.”

“ఊదకపోతే?”

“ఊదకపోతే ఎలాగెల్తాడు?”

ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని ఏడ్చారు. ఎంత ప్రమాదం తప్పింది. ఆ రోజు పులిహోర వాసన రాకపోయి ఉంటే, ఊరంతా కూర్చుని వినేసి, ఒక మహా కళాకారుణ్ణి చేతులారా చంపుకునేవాళ్ళు. ఇక ఆలస్యం చేయకూడదు. గబగబా వెనక్కి వెళ్ళి గుడ్డసంచి లాక్కున్నారు.

“బాబూ, బాబూ, అది ఇచ్చీండి. ఏటి సేస్తన్నారు?”

“మీకు తెలీదు మాస్టారూ. మీ ప్రాణం మాకు ముఖ్యం.”

సన్నాయి తీసుకెళ్ళి తవిటినాయుడి ఇనప్పెట్టెలో, ఆయన బంగారం పక్కన పెట్టి తాళం వేశారు. జీలుగువలసలో ఇక ఎవరూ, ఎప్పుడూ, ఏ పరిస్థితిలోనూ ఆ కల్యాణి రెండో సగం వినరాదని తీర్మానం చేశారు. పైడమ్మ ఒక్కతే వ్యతిరేకించింది. అప్పలస్వామిని అమరుణ్ణి చేసిన సందర్భంగా ఇంటింటికీ బెల్లం ఉండలు పంచారు. ఆయన వాటా ఆయన గుమ్మంలో పెట్టి వచ్చారు. గట్టి ఉండలు. ఒకటి కొరికితే, కదులుతున్న రెండు పళ్ళలో ఒకటి అందులోనే ఉండిపోయింది.

నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. నాకు నవ్వు అక్కడిదాకానే వచ్చింది. ఇంకా ఒక పన్ను ఉంది. ఒక పన్నుతో ఊదగలనని ఆయన అంటున్నాడు, కొన్నాళ్ళపాటు. అందుకని తవిటినాయుడు గారినీ, సంఘాన్నీ అందరి ముందూ అడుగుతున్నాను. ఇనప్పెట్టె తెరుస్తారా, లేదా? తెరిస్తే, తాళ్ళు లేకుండా, ఆయన ఊపిరి తీసుకున్నప్పుడు మీరూ ఒక ఊపిరి తీసుకుని, కూర్చుంటారా, లేదా? అవునో కాదో ఒక్క ముక్క చెప్పండి. దసరా దగ్గర పడింది కాబట్టి, సెప్టెంబరు ఇరవై రెండు, సాయంత్రం ఐదు గంటల్లోగా.